మేషసంక్రాంతి, ఉగాది, ఫసలీ: విశాఖపట్టణమునుండి చూచిన సంవత్సరాదుల చరిత్ర

సంవత్సరాది యను పదమును తెలుఁగువారు ఏకవచనముననే వాడుదురు. చైత్రశుద్ధ పాడ్యమి యొక్కటియే సంవత్సరాది యని మన సంప్రదాయము. కాని విశాఖపట్టణమున ఒక్క యేఁడు గడపినవానికి ఆ పదమునకు బహువచనము కావలసివచ్చును. ఉగాదినాఁడు తెలుఁగువారి యిండ్ల వేపపూతతోఁ బచ్చడి చేయుదురు. పిదపఁ గొలఁది దినములకో, మూఁడు వారములకో ఒడియావారి పణాసంక్రాంతియు, అస్సామువారి బొహాగ్ బిహుయు, బెంగాలీల పొయిలా బైశాఖును వచ్చును. ఏప్రిల్ 1వ తేదీన ఓడరేవునందును, ఉక్కుకర్మాగారమునందును క్రొత్త ఆర్థికసంవత్సరపు లెక్కలు తెఱవఁబడును. జూలై 1వ తేదీన రెవెన్యూ కచేరీలో క్రొత్త ఫసలీ ప్రారంభమగును.

ఇన్ని సంవత్సరాదులు ఒక్క పట్టణమునఁ గలియుటకుఁ గారణము దుర్గ్రాహ్యము కాదు. విశాఖకును బెంగాలునకును గల సంబంధము రైలుమార్గముతో దృఢపడినది. మద్రాసు–కలకత్తా తీరమార్గమున వాల్తేరునకు ఉత్తరభాగము బెంగాల్–నాగపూర్ రైల్వే యధీనమునకు వచ్చెను. ఆ సంస్థ ప్రధానకార్యాలయము కలకత్తాలో నుండెను. 1933వ సంవత్సరమున రేవు ప్రారంభమాయెను. ఆ సంవత్సరము డిసెంబరు మాసముననే రవీంద్రనాథ ఠాకూరు ఆంధ్రవిశ్వకళాపరిషత్తునందు ఉపన్యాసములిచ్చెను. 1971లో శంకుస్థాపన జరిగి 1992లో జాతికి అంకితమైన ఉక్కుకర్మాగారమును, తూర్పు నౌకాదళ కేంద్రమును దేశపు నానాప్రాంతముల ఉద్యోగులను ఇచటికిఁ దెచ్చినవి. ఒడియావారు వలసవచ్చినవారని చెప్పుటకంటె, కళింగదేశపు పాత పొరుగువారని చెప్పుట సమంజసము.

ఈ వ్యాసమునఁ బరిశీలింపఁదలఁచిన ప్రశ్న యొక్కటియే. బెంగాలీలు తమ సంవత్సరములను లెక్కించు 'సన్' అను అబ్దమును, మన గ్రామలెక్కలలోని ఫసలీయు తోఁబుట్టువులు. రెండింటి సంఖ్యలును హిజరీశకమునుండి వచ్చినట్లు గణితము చూపుచున్నది. రెండింటికిని భూమిశిస్తుతో సంబంధము కలదు. అయినను మొదటిది కోట్లకొలఁది ప్రజల పండుగతో ముడివడినది; రెండవది అడంగలు పుటలు దాటి వెలుపలికి రాలేదు. ఇట్లేల జరిగెను? దీనికి సమాధానము వెదకినచో సంవత్సరాది యనఁగా నేమి యను విషయము కొంత స్పష్టపడును.

1. రెండు మానములు, ఒక్క సంక్రమణము

ఉగాది చాంద్రమానమునకుఁ జెందినదనియు, బిహు, పొయిలా బైశాఖు సౌరమానమునకుఁ జెందినవనియు, కావున వీనికిఁ బరస్పరసంబంధము లేదనియు సాధారణముగా భావింతురు. ఇది సరి కాదు. అమావాస్యతో ముగియు చాంద్రమాసములలో సూర్యుఁడు ఏ మాసమున మేషరాశిఁ బ్రవేశించునో ఆ మాసమునకే చైత్రమని పేరు. సంక్రమణము లేని మాసము అధికమాసము. అనఁగా మన చైత్రమునకు ఆ పేరు వచ్చుటయే మేషసంక్రాంతివలన. కావుననే సాధారణవర్షములలో ఉగాది మేషసంక్రాంతికి ముందు వచ్చును. వాని నడిమి యెడము ఒక చాంద్రమాసమును మించదు. 2023లో ఉగాది మార్చి 22న, సంక్రమణము ఏప్రిల్ 14న వచ్చినవి. ఎడము 23 దినములు. 2024లో అవి ఏప్రిల్ 9, 13 తేదీలలో వచ్చుటచే ఎడము నాలుగు దినములే యాయెను. 2025లో మార్చి 30, ఏప్రిల్ 14 తేదీల నడుమ 15 దినములు. చంద్రుఁడు ఈ యెడమును పెంచుచుఁ దగ్గించుచుండును. సూర్యుఁడు దానికి మేర ఏర్పఱచును.

సౌరమానము పాటించువారిలోఁగూడ అందఱికిని ఒక్కదినమే సంవత్సరాది కాదు. సంక్రమణము ఏ వేళనైనను జరుగవచ్చును; మాసము మాత్రము ఒక దినముతో ప్రారంభము కావలెను. ఈ చిక్కును ఒక్కొక్క దేశమువారు ఒక్కొక్క విధముగాఁ దీర్చికొనిరి. ఒడియావారు సంక్రమణము జరిగిన దినమునే మాసాదిగాఁ గొందురు. తమిళులు సూర్యాస్తమయమునకు ముందు జరిగినచో ఆ దినమును, తరువాత జరిగినచో మఱునాఁటిని గొందురు. బెంగాలీలు అర్ధరాత్రమునకు ముందైనచో మఱునాఁటిని, తరువాతనైనచో మూఁడవనాఁటిని గొందురు. 2024లో సంక్రమణము ఏప్రిల్ 13 రాత్రి తొమ్మిదిగంటల ప్రాంతమున జరుగుటచే కలకత్తాలో ఏప్రిల్ 14 సంవత్సరాది యాయెను. 2025లో ఏప్రిల్ 13 అర్ధరాత్రము దాటినపిదప జరుగుటచే ఏప్రిల్ 15 ఆయెను. ఒక్క సంక్రమణమునకే ఒడియావారి యింటను బెంగాలీవారి యింటను పండుగ వేర్వేఱు దినములలో వచ్చుటకు ఇదియే హేతువు.

ఇంకొక విషయము గమనింపవలసియున్నది. ఆర్యభటుని నాఁటికి, అనఁగా క్రీ.శ. 499 ప్రాంతమున, మేషసంక్రమణము వసంతవిషువముతో దాదాపు కలసియుండెను. ఒడియావారు నేఁటికిని ఆ దినమును మహావిషువసంక్రాంతి యనుట ఆ కాలపు స్మృతియే. సూర్యసిద్ధాంతపు సంవత్సరము ఋతుసంవత్సరముకంటె సుమారు 24 నిమిషములు దీర్ఘమగుటచే, రమారమి 60 ఏండ్లకొక దినము చొప్పున సంక్రాంతి వెనుకఁబడుచు వచ్చెను. నేఁడు విషువము మార్చి 20, 21 తేదీలలోను, సంక్రాంతి ఏప్రిల్ 13, 14 తేదీలలోను వచ్చుచున్నవి. పేరు నిలిచినది, ఆకాశమున దాని యర్థము జరిగిపోయినది. పండుగ మాత్రము చెదరలేదు. పండుగకు ఆధారము కేవలము జ్యోతిషము కాదనుటకు ఇదియే ప్రథమ సాక్ష్యము.

2. బెంగాలు: పద్దుపుస్తకపు పండుగ

బెంగాలీ సన్ 1432 క్రీ.శ. 2025 ఏప్రిల్ 15న ప్రారంభమైనది. క్రీస్తుశకమునుండి 593 తీసివేసినచో ఈ సంఖ్య లభించును. అక్బరు సింహాసనమెక్కిన 1556వ సంవత్సరమునుండి యిదే 593ను తీసివేసినచో 963 వచ్చును; అది ఆనాఁటి హిజరీసంవత్సరము. అనఁగా 963 వఱకు హిజరీ చాంద్రగణనము, అటుపైని సౌరగణనము. శిస్తు వసూలునకు హిజరీ చాంద్రసంవత్సరము ఒనగూడదు. ఏలయనఁగా అది ఋతువులకంటె ఏఁటికి దాదాపు 11 దినములు ముందుకు జరుగును. పంట యింటికి రాకముందే పన్ను గడువు వచ్చును. ఈ కష్టమును దొలఁగించుటకు అక్బరు కాలమున సౌరగణనము ప్రవేశపెట్టఁబడెననియు, అందుండియే బెంగాలీ సన్ ఏర్పడెననియుఁ బలువురి మతము. ఏడవశతాబ్దారంభమునందలి గౌడరాజు శశాంకుఁడు దీనికి మూలపురుషుఁడని మఱికొందఱందురు. అస్సామునఁ గామరూపరాజు భాస్కరవర్మ పేర వ్యవహరింపఁబడు భాస్కరాబ్దము కూడ 593 ప్రాంతమునుండియే గణింపఁబడుట యీ సందర్భమున గమనింపఁదగినది. సంఖ్యాసామ్యము హిజరీపక్షమును బలపఱచుచున్నను, వివాదము ముగిసినదని చెప్పరాదు.

అయితే మన ప్రశ్నకు సంఖ్యకంటె దినము ముఖ్యము. 1584లో అక్బరు స్థాపించిన ఇలాహీశకము వసంతవిషువముతో, అనఁగా పారసీకుల నౌరోజుతో మొదలగునది. బెంగాలు ఆ దినమును గ్రహింపలేదు. తన వైశాఖాదినే నిలుపుకొన్నది. కావున సన్‌ను అక్బరు నాఁటిదిగా నంగీకరించినను, ఆస్థానమునుండి వచ్చినది సంఖ్య మాత్రమే. సంవత్సరాది దినము దేశమున నంతకుముందే యున్నది. అక్బరు బెంగాలీ సంవత్సరాదిని సృష్టించెనను మాట జనవ్యవహారమున నెంత ప్రచురమైనను, పరిశోధకులు ఈ భేదమును విస్మరింపరాదు.

ఆ దినమున బెంగాలీలు చేయు పనులేవి? చైత్రపు చివరిదినములలో శివునిఁ గొలుచు గాజన్, చడక్ ఉత్సవములు జరుగును. వైశాఖము మొదటి దినమున వర్తకులు 'హాల్ ఖాతా' తెఱతురు. ఎఱ్ఱగుడ్డ యట్టవేసిన క్రొత్త పద్దుపుస్తకమును కాళీఘట్టము, దక్షిణేశ్వరము వంటి ఆలయములకుఁ గొనిపోయి, మొదటి పుటపై సిందూరముతో స్వస్తికము వ్రాసి, లక్ష్మీగణేశులఁ బూజింతురు. వాడుకదారులు దుకాణమునకు వచ్చి పాతబాకీ చెల్లింతురు; వర్తకుఁడు వారికి మిఠాయి పెట్టి క్రొత్త ఖాతా వ్రాయును. జమీందారీ కాలమున రైతులు మొదటి శిస్తు చెల్లించు 'పుణ్యాహము' కూడ నిట్టిదే. జమీందారీలు పోవుటతో పుణ్యాహము పోయెను. హాల్ ఖాతా మాత్రము నిలిచెను. బాకీ తీర్చుట భారమైన పని. దానికి మిఠాయి, మర్యాద, నమస్కారము తోడగుటచే అది వేడుకయైనది. ఒకఁడు ఇచ్చుట, ఇంకొకఁడు పుచ్చుకొనుట మాత్రమే గాక, ఇద్దఱును వచ్చు సంవత్సరమునకు ఒకరినొకరు నమ్మెదమని చెప్పుకొనుట అందుఁ గలదు.

ఇరువదవశతాబ్దమున ఈ పండుగ రాజకీయ చరిత్రలోఁగూడఁ బ్రవేశించినది. పాకిస్తాను ప్రభుత్వము రవీంద్రగీతములను రేడియోలో నిషేధింపఁబూనిన 1967లో ఛాయానట్ అను సంస్థ ఢాకాలోని రమనా తోఁటలో చెట్టునీడను గానసభతో సంవత్సరాదిని జరుపుట ప్రారంభించెను. 1989లో ఢాకా విశ్వవిద్యాలయపు లలితకళావిద్యార్థులు ఊరేగింపు మొదలిడిరి. అది మంగళ శోభాయాత్ర యను పేరఁ బ్రసిద్ధమై 2016లో యునెస్కో పట్టికకెక్కెను. 2025లో దాని పేరు మార్చఁబడెను. ముహమ్మద్ షహీదుల్లా అధ్యక్షతను బంగ్లా అకాడమీ నియమించిన సంఘము 1966లో సూచించిన పంచాంగసంస్కారమును బంగ్లాదేశ ప్రభుత్వము 1980ల చివర నంగీకరించుటచే అచ్చట సంవత్సరాది ఏప్రిల్ 14న స్థిరపడినది. పశ్చిమబెంగాలులో పాత గణనమే నిలిచినది. ఒక్క భాష మాటలాడువారికి ఢాకాలో నొకనాఁడు, కలకత్తాలో సాధారణముగా మఱునాఁడు సంవత్సరాది. 2023 సెప్టెంబరులో పశ్చిమబెంగాల శాసనసభ పొయిలా బైశాఖును రాష్ట్రదినముగాఁ బాటింపవలెనని తీర్మానించినది.

3. అస్సాము: పశువుల పండుగ, మనుజుల పండుగ

అస్సాములో బిహువులు మూఁడు. ఆశ్వినము ముగిసి కార్తికము మొదలగు సంధిని కాటి బిహు, మకరసంక్రాంతికి మాఘ బిహు, మేషసంక్రాంతికి బొహాగ్ బిహు. ధాన్యము తక్కువగానుండు కాలమగుటచే మొదటిదానికి కంగాళీ యనియు, విందులు చేసికొనుటచే రెండవదానికి భోగాలీ యనియు, ఉల్లాసపూరితమగుటచే మూఁడవదానికి రంగాళీ యనియుఁ బేర్లు. బిహు శబ్దము విషువమునుండి వచ్చెనని కొందఱు, బోడోజాతుల 'బ్విసాగు' వంటి పదములతో సంబంధించినదని కొందఱు చెప్పుదురు. ఆర్యభాషలవారును, బోడోలును, తాయి–అహోములును కలసి తీర్చిన దేశమగుటచే, పండుగకు ఒక్కటే మూలము వెదకుట ఉచితముగాఁ దోఁపదు. అహోమురాజులు ఆటపాటలను ప్రోత్సహించిరి. పదునెనిమిదవశతాబ్దమున ప్రమత్తసింహుఁడు శివసాగరమున ఇటుకలతోఁ గట్టించిన రంగఘర్ నేఁటికిని నిలిచియున్నది.

చైత్రపు చివరి దినము 'గొరు బిహు', అనఁగా పశువులది. ఆనాఁడు ఎద్దులను ఆవులను నదికిఁ దోలుకొనిపోయి, మినుములు పసుపు నూఱిన పిండి పూసి స్నానము చేయింతురు. సొరకాయ, వంకాయ ముక్కలు వానిపై విసరి, అవి యేఁటేఁట పెరుగవలెనని పాడుదురు. సాయంకాలము పాతపగ్గములు తీసి క్రొత్తపగ్గములు వేయుదురు. మఱునాఁడు వైశాఖము మొదటి దినము 'మానుహ్ బిహు', అనఁగా మనుజులది. పిల్లలు పెద్దలకు నమస్కరింతురు. ఇంటి మగ్గముపై నేసిన గామోసా వస్త్రమును 'బిహువాన్' అను పేర ఆత్మీయులకిత్తురు. యువకులు డోలు వాయించుచు ఇల్లిల్లు తిరిగి హుసొరి పాడి ఆశీర్వదింతురు. ఇందుఁ బద్దుపుస్తకము లేదు. పంచాంగశ్రవణమునకు మనమిచ్చు ప్రాధాన్యమును లేదు. ముందు పశువు, తరువాత మనిషి యను క్రమమే దీని లక్షణము.

మనకు ఈ కర్మలు లేవా? ఉన్నవి, కాని యొక్కచోట లేవు. పశువులను కడిగి యలంకరించుట కనుమనాఁడు చేయుదుము. నాఁగలి పూజించుట ఏరువాకపున్నమ, అనఁగా జ్యేష్ఠపూర్ణిమనాఁడు. క్రొత్తసంవత్సరఫలము వినుట ఉగాదినాఁడు. అస్సామువారు రెండు దినములలోఁ జేయు పనులను మనము ఏఁడు పొడవునఁ బంచికొంటిమి. దీనికి వర్షమే ప్రధానకారణమని తోఁచుచున్నది. బ్రహ్మపుత్రలోయలో ఏప్రిల్ మాసముననే గాలివానలు వచ్చి నేల మెత్తఁబడును. ఆ గాలివానకు బొర్దొయిసిలా యని పేరుపెట్టి, అది బిహుకు పుట్టింటికిఁ బోవు ఆఁడుబిడ్డ యని వారు చెప్పుకొందురు. మన కోస్తాలో ఏప్రిల్ ఎండల కాలము. ఏరువాక సాఁగుటకు నైరృతిఋతుపవనమునకై జూన్ వఱకు వేచియుండవలెను. కావున మన సంవత్సరాది నాఁగలితో ముడిపడలేదు.

విశాఖ మన్యమున మాత్రము పరిస్థితి భిన్నము. పాడేరు, అరకు ప్రాంతముల గిరిజనులు వేసవిలో విత్తుటకు ముందు ఇటుకలపండుగ జరుపుదురు. విత్తనములకుఁ బూజచేయుట, పురుషులు వేఁటకుఁ బోవుట, స్త్రీలు దారినిఁ బోవువారిని ఆఁపి కానుకలడుగుట అందలి ముఖ్యాంశములు. సరిహద్దునకు ఆవల కోరాపుటు ప్రాంతపు చైతపరబు కూడ నిట్టిదే. ఉగాదికంటె బొహాగ్ బిహుకు దగ్గఱగానుండు పండుగ మన జిల్లాల కొండలలోనే కలదనుట పరిశోధకులు గమనింపవలసిన విషయము.

4. కళింగాంధ్రము: రాజుల సంవత్సరములు

కళింగాంధ్రము పలు గణనములను చూచినది. తూర్పుగాంగులు తమ పేర నొక శకమును నడపిరి. తరువాతికాలమున శాలివాహనశకమును వాడిరి. వారి శాసనములందు విషువసంక్రాంతి, ఉత్తరాయణసంక్రాంతి వంటి పుణ్యకాలములు దానసమయములుగాఁ బేర్కొనఁబడుట పరిపాటి. అనఁగా చాంద్రమానపు ఉగాది నెలకొనిన యీ తీరమున సౌరసంక్రాంతి పరాయిది కాదు. నేఁటికిని మేషసంక్రాంతినాఁడు నీటికుండ, విసనకఱ్ఱ దానము చేయు ఆచారమును ధర్మగ్రంథములు చెప్పుచున్నవి. ఒడియావారు ఆనాఁడు పానకము పంచుటయు, తులసికోటపై చిల్లికుండ వ్రేలాడఁగట్టి నీరు బొట్టుబొట్టుగాఁ బడునట్లు చేయుటయు ఈ జలదానపు రూపములే.

తరువాతి గాంగులును గజపతులును వాడిన 'అంకము' అను రాజ్యసంవత్సరగణనము విచిత్రమైనది. అందు మొదటి సంవత్సరమును 2 అనుటయేగాక, 6తో ముగియు సంఖ్యలును, 10 దక్క సున్నతో ముగియు సంఖ్యలును విడిచివేయుదురు. భాద్రపదశుద్ధ ద్వాదశి దాని సంవత్సరాది; దానికి సునియా యని పేరు. అది రాజునకు నజరానాలు చెల్లు దినము. నేఁడు అంకము ఒడియా పంచాంగములలోను, పూరీ గజపతి పేర వ్రాయు జాతకములలోను నిలిచియున్నది. విశాఖ తెలుఁగిండ్లలో దాని జాడ లేదు.

ఇఁక ఫసలీ. దక్షిణాపథమున షాజహాను కాలమున, 1636లో, ఆనాఁటి హిజరీ 1046ను గ్రహించి సౌరగణనము మొదలిడిరి. కావున క్రీస్తుశకమునుండి 590 తీసివేసినచో మన ఫసలీ వచ్చును. 2025 జూలై 1న ఫసలీ 1435 ప్రారంభమైనది. బెంగాలీ సన్‌కును దీనికిని సంఖ్యలో మూఁడేండ్ల భేదము కలదు. ఆ భేదమునకుఁ గారణము సులభము. 1556నుండి 1636 వఱకు సౌరసంవత్సరములు 80. ఆ కాలముననే హిజరీ 963నుండి 1046కు, అనఁగా 83 సంవత్సరములు నడచెను. బెంగాలీ సన్ అక్బరు నాఁటిదను పక్షము నంగీకరించినచో, ఒక్కటే గడియారమును రెండు వేర్వేఱు వేళల ఆఁపినట్లు ఈ రెండు గణనములు ఏర్పడినవి. గోలకొండ పతనమునకుఁ బిదప మొగలాయిపాలనయు, నిజాముపాలనయు శ్రీకాకుళము సర్కారుపైకి రాఁగా ఈ లెక్క యిచటఁ బాదుకొనెను. ఇంగ్లీషువారు దానిని నిలిపిరి. మొదట కర్కాటకసంక్రాంతితోఁ బ్రారంభమగుచుండిన ఫసలీని మద్రాసు రాజధానిలో ముందు జూలై నడిమి తేదీకి, 1855లో జూలై 1కి స్థిరపఱచిరి.

భూస్వామ్యపద్ధతిలో బెంగాలునకును విశాఖకును పెద్ద భేదము లేదు. 1793లో బెంగాలునకు వర్తించిన శాశ్వతపైసలా 1802లో ఉత్తరసర్కారులకు వర్తించెను. విజయనగరము మొదలైన జమీందారీలు 1948 నాఁటి రద్దుచట్టము వఱకు నడచినవి. కావున జమీందారీ యుండుటయే సంవత్సరాది పండుగకుఁ గారణమని చెప్పరాదు. నాకుఁ దోఁచిన కారణములు మూఁడు.

మొదటిది దినము. బెంగాలులో రాజు సంఖ్య ప్రజలదినముపై నిలిచెను. ఇచట ఫసలీ కర్కాటకసంక్రాంతిపై నిలిచెను. ఆషాఢమున తెలుఁగువారు శుభకార్యములు తలపెట్టరు. ఆ కాలమున గాదెలో ధాన్యము తక్కువ, పొలమున పని ఎక్కువ. జూలై 1కి మార్చినపిదప దానికి ఆకాశముతో నున్న కొద్ది సంబంధమును తెగిపోయెను.

రెండవది, స్థానము ఖాళీ లేకపోవుట. పంచాంగశ్రవణముతో, షడ్రుచుల పచ్చడితో ఉగాది యిదివఱకే ఇంటను గుడిని నెలకొనియుండెను. మన సంవత్సరములకు అంకెకంటెఁ బేరు ముఖ్యము. గుంటూరు ప్రాంతపు 1832–33 కఱవును ప్రజలు నందన కఱవనిరి. 1876–77 కఱవును ధాత కఱవనిరి. ఆ కఱవులకు ఫసలీ సంఖ్యలు కచేరీ కాగితములలో నుండియే యుండును. ఆఁకలిని గుర్తుంచుకొన్నవారు మాత్రము వానిని వాడలేదు.

మూఁడవది, కర్మస్వభావము. హాల్ ఖాతాలో బాకీ చెల్లించినవానికి ఆదరము లభించును. జమాబందీలో రైతు చెల్లించును, కచేరీ వ్రాసికొనును. అందు ఆతిథ్యము లేదు. ఇంట వండుటకుఁ గాని, పెద్దలకు మ్రొక్కుటకుఁ గాని, పొరుగువానికి నిచ్చుటకుఁ గాని అవకాశము లేని దినము పండుగ కాఁజాలదు.

5. సెలవుల పట్టిక

సంవత్సరాదుల చరిత్రకు సెలవుల పట్టిక కూడ నొక ఆధారమే. 1881 నాఁటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టము 25వ విభాగము, గడువు తీఱు హుండీలకొఱకు, ప్రజాసెలవు దినమును నిర్వచించెను. ఆదివారములను, జనవరి 1వ తేదీని, క్రిస్మసును, గుడ్ ఫ్రైడేను పేరుపెట్టి చెప్పి, తక్కినవానిని ప్రభుత్వప్రకటనకు విడిచెను. అనఁగా నాఁటి శాసనమున పేరుగల సంవత్సరాది పాలకులది యొక్కటియే. తరువాతి సవరణలో ఆదివారము తప్ప తక్కిన పేర్లు తొలగఁగా, ఇతరదినములన్నియు ప్రకటనాధీనములాయెను.

స్వతంత్రభారతము సమస్తదేశమునకు నొక్క సంవత్సరాదినిఁ గల్పింపఁజూచినది. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతను నియమింపఁబడిన పంచాంగసంస్కరణసంఘము 1955లో నివేదిక సమర్పించెను. దాని సూచనపై 1957 మార్చి 22వ తేదీ శక 1879 చైత్రము 1గా రాష్ట్రీయపంచాంగము ప్రారంభమాయెను. సాహా అంతకుముందు సంవత్సరముననే మరణించెను. శాస్త్రదృష్టిచే ఇది దోషరహితమైనది. విషువమునకు మఱునాఁడే సంవత్సరాది. ఋతువులు జరిగిపోవు భయము లేదు. ప్రభుత్వగెజెట్టుపై, ఆకాశవాణి ప్రకటనలలో అది వాడుకకు వచ్చెను. అయినను మార్చి 22న ఏ గుమ్మమునకును తోరణము కట్టరైరి. ఖగోళమునకు మిక్కిలి సన్నిహితమైన సంవత్సరాదికి పండుగ లేదు. విషువమునుండి మూఁడు వారములకుఁ బైగా జరిగిన మేషసంక్రాంతికి కలదు.

విశాఖలోని కేంద్రప్రభుత్వకార్యాలయముల పద్ధతి వేఱు. కేంద్రపు సెలవుల నియమములలో నిర్బంధసెలవులు పోఁగా, ఆ యా రాష్ట్రములందు ఎన్నుకొనఁదగిన పండుగల చిన్నపట్టిక యొకటి కలదు. అందు విషు, వైశాఖి, బొహాగ్ బిహు, మేషాది, ఉగాది, చేటీచాంద్, గుడీపాడ్వా మొదలైనవి ఒక్క అంశముగానే కూర్పఁబడినవి. అనఁగా వీనిలో నొకదాని నెన్నుకొన్నచోట తక్కినవి సాధారణముగా ఐచ్ఛికసెలవులుగా మిగులును. ఉద్యోగి యేఁటికి అట్టివి రెండింటినే తీసికొనవచ్చును. దేశపు సంవత్సరాదులు ఒకే కుటుంబమునకుఁ జెందినవని ఆ నియమము అప్రయత్నముగా నంగీకరించినట్లైనది. రాష్ట్రప్రభుత్వకార్యాలయములకు ఉగాది సెలవు. ఏప్రిల్ 14 అంబేద్కరు జయంతి యగుటచే ఆ దినమును సెలవే. అందుచే పణాసంక్రాంతి, బిహు తఱచుగా వేఱొక కారణమున లభించిన సెలవునాఁడే జరుగుచున్నవి. పొయిలా బైశాఖు 15న వచ్చిన యేఁడు బెంగాలీ ఉద్యోగి పూజ ముగించికొని పనికిఁ బోవుటయో, ఐచ్ఛికసెలవు పెట్టుటయో తప్పదు.

6. ముగింపు

పై పరిశీలనవలన తేలు విషయము లివి. సంవత్సరసంఖ్యను రాజులు కల్పింపఁగలరు; గంగశకము, అంకము, ఫసలీ, రాష్ట్రీయపంచాంగము అందుకు నిదర్శనములు. సంవత్సరాదిని మాత్రము వారు కల్పించినట్లు ఈ ప్రాంతచరిత్రలోఁ గానరాదు. ప్రజలు తమకిదివఱకే యున్న దినమున, తమ చేతులతోఁ జేయు పనియొకటి యున్నప్పుడే, దానిని పండుగగాఁ జేసికొనిరి. ఆ పని బెంగాలులో బాకీ తీర్చుట. అస్సాములో పశువునకు పగ్గము మార్చి, పెద్దలకు వస్త్రమిచ్చుట. ఒడియా యిండ్ల తులసికి నీరు పోయుట. మనకు చేఁదును తీపిని కలిపి తిని, రాఁబోవు ఏఁటి ఫలమును వినుట. ఫసలీకి అట్టి పని లేదు. అందుచే తోఁబుట్టువులలో నొకటి పండుగను బొందినది, రెండవది కాగితమై మిగిలినది.

చేయవలసిన పని యింకను చాలఁ గలదు. ఇచ్ఛాపురమునుండి అనకాపల్లి వఱకు గల గ్రామములలో మేషసంక్రాంతినాఁటి ఆచారములు, ఇటుకలపండుగ విధులు, వర్తకులు క్రొత్తపద్దు తెఱచు దినములు క్రమముగా సేకరింపఁదగినవి. శాసనములందు సంక్రాంతినాఁడు చేయఁబడిన దానములను, చైత్రశుద్ధ పాడ్యమినాఁడు చేయఁబడినవానిని వేఱుచేసి పట్టిక వేసినచో, కళింగాంధ్రమున సౌరచాంద్రమానముల సరిహద్దు ఏ కాలమున నెచ్చట నుండెనో నిర్ణయింప వీలగును. పరిశోధకవిద్యార్థులు ఈ దిశను కృషిచేయుదురు గాక. గ్రంథములు గ్రంథాలయములలో వేచియుండును. ఆచారము నెఱిఁగిన వృద్ధులు అట్లు వేచియుండరు. కావున మొదట వారియొద్దకుఁ బోవుట మేలు.